మూగ ఊరేగింపుకు నినాదాలు

టీవీ కేంద్రంలో అతన్ని అందరూ చప్పుళ్లాయన అనేవారు. పాత మూగ ఫిల్ములకు చప్పుళ్లు అతికించడం అతని పని. ట్రేలో కంకర పోసి బూట్లతో తొక్కితే సైన్యం కదిలేది, తడిగుడ్డ దులిపితే జెండా ఎగిరేది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారే, ఆ విద్యలో అతనికి సాటి లేరు. మనిషి మాత్రం మహా నెమ్మది. ఇంట్లో గిన్నె దించినా చప్పుడయ్యేది కాదు.

దేశ చరిత్ర మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు మిల్లు కార్మికుల ఊరేగింపు రీలు అతని చేతికొచ్చింది. కాల్పుల్లో పోయినవాళ్లను మోసుకుంటూ ఊరంతా నడిచిన రోజు అది. చప్పుళ్లాయన వాళ్లమ్మ కూడా అందులో నడిచింది. అన్నం పెడుతూ ఆవిడ అతనికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఏడుపు కూడా మింగేశాం. అన్ని వేలమందీ ఉత్త కాళ్లతో నడుస్తుంటే, ఆ అడుగుల చప్పుడుకే సిపాయిలు తలలు దించుకున్నారు."

ఆ మాటే అతను డైరెక్టరుకు చెప్పాడు.

"అంతసేపు అరుపూ కేకా లేకపోతే టీవీ పాడైందనుకుని జనం దాని నెత్తిన నాలుగు మొట్టికాయలు వేస్తారయ్యా. నినాదాలు పెట్టు," అన్నాడాయన.

చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి! ఉద్యోగం కదా, చప్పుళ్లాయన పనిలోకి దిగాడు. నినాదాలు తనే రాశాడు. క్యాంటీనాయననూ, టైపిస్టమ్మనూ, డ్రైవర్లనూ పోగేసి మైకు చుట్టూ నిలబెట్టి కేకలు వేయించాడు. ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి ఏడుగురి గొంతులు ఏడువేలయ్యాయి.

ప్రసారమైన రోజు వాళ్లమ్మ మండిపడింది. "ఎవరు అరిచార్రా? అక్కడ నేను లేనూ?"

"టీవీ అన్నాక అలాగే ఉంటుందిలే అమ్మా," అని నవ్వేశాడు. ఆ తర్వాత ఏటా అదే తారీఖున ఆ డాక్యుమెంటరీ వేస్తూనే ఉన్నారు, ఆవిడ చూస్తూనే ఉంది.

పన్నెండేళ్లు గడిచాయి. ఆవిడకు ఎనభై దాటి, మతిమరుపు మొదలైంది. ఒక సాయంత్రం పక్కింటి పిల్ల, బడిలో రాసుకు రమ్మన్నారంటూ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. "ఊరేగింపు రోజు మీరేం చేశారు మామ్మగారూ?"

"ఏం చేశామా? గొంతులు చించుకుని అరిచామే తల్లీ!" అని ఆవిడ పిడికిలి ఎత్తి నినాదాలన్నీ వరసగా చెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అన్నీ అతను రాసినవే.

అప్పుడే పనినుంచి వచ్చిన చప్పుళ్లాయన గుమ్మంలో నిలబడి అదంతా విన్నాడు. దేశమంతటికీ అబద్ధం వినిపించినప్పుడు చీమ కుట్టినట్టయినా లేనివాడు, ఆ పూట కంచం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు గురించి తల్లి దాచుకున్న నిజాన్ని చేజేతులా చెరిపేశాడు పాపం.

మర్నాడే వెళ్లి కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు. మంచి మనిషి, ఆ రీలుకు మళ్లీ చప్పుళ్లు వెయ్యమంది. భార్యనూ కూతుర్నీ స్టూడియోకు తీసుకెళ్లాడు. ముగ్గురూ మట్టి పోసిన ట్రేలో ఉత్త కాళ్లతో రోజంతా నడిచారు. కూతురికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. అయినా, "ఇంకొక్కసారి చేద్దాం నాన్నా," అంది. అలాంటి పిల్లను కన్నందుకు అతను పొంగిపోయాడు.

ఆ తారీఖు రానే వచ్చింది. తల్లి పక్కన కూర్చుని టీవీ పెట్టాడు. తెర మీద జనం నడుస్తున్నారు. అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ కాసేపు చూసింది.

"అరుపులేవిరా?"

"ఆ రోజు ఎవరూ అరవలేదమ్మా. నువ్వే చెప్పేదానివి."

"నేనా?" ఆవిడ అతని మొహంలోకి చూసింది. కొడుకు దేనికో బాధపడుతున్నాడని మాత్రం పోల్చుకుంది. అతని చెయ్యి నిమిరింది. "నువ్వంతగా చెబుతున్నావు కాబట్టి అలాగే అయ్యుంటుందిలే నాన్నా."

అతను టీవీ కట్టేశాడు. ఆవిడ చెయ్యి వదలకుండా, ఆవిడ ఒకప్పుడు తనకు చెప్పిన మాటల్లోనే, ఆ రోజు సంగతంతా ఆవిడకు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.