మాట మీద చింతగింజ

కోరుట్లలో మా నాన్నది బట్టల దుకాణం. పెళ్లయి సిరిసిల్ల వచ్చాను, అత్తగారిదీ బట్టల దుకాణమే. నేనేమో టీచర్నవుతానని బయల్దేరాను. టెట్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఇంగ్లీషు దగ్గరే బోల్తాపడ్డాను. మూడోసారికి మా అత్త తేల్చి చెప్పింది.

"గీసారి గాకుంటే వచ్చి గల్లపెట్టె కాడ కూసో. చీరలు కొనేటోళ్లు నిన్ను ఇంగ్లీషు అడగరు."

కోపం రాలేదు, భయం వేసింది. గల్ల దగ్గర నేను బ్రహ్మాండంగా పనికొస్తానని నాకు తెలుసు. ఒకసారి కూర్చుంటే ఇక లేవనివ్వరు.

వెనక గల్లీలో ఒక ఆపా ట్యూషన్ చెప్పేది. తాను ఉర్దూ మీడియంలో చదివి, ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్న మనిషి. ఒకవైపు జాకెట్లు కుడుతూనే పిల్లలకు పాఠం చెప్పేది. వెళ్లీ వెళ్లగానే బేరం మొదలుపెట్టాను.

"ఆపా, నాకు అంతా వద్దు. వాక్యంల ఏది నౌన్, ఏది వెర్బ్, గా పార్ట్స్ ఆఫ్ స్పీచ్ పట్టుకునుడు ఒక్కటి చెప్పు. వారంల అయిపోగొట్టు."

"జాకెట్ ముక్క కోసిచ్చినట్టు కోసియ్యాల్నా బిడ్డా? తీసుకుంటే బట్ట తాను మొత్తం తీసుకో, లేకుంటే పో."

బేరంలో ఓడి చాప మీద కూర్చున్నాను, ఏడో తరగతి ఆడపిల్లల పక్కన.

నాకొక గర్వం ఉండేది. ఏ సరుకు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఇంగ్లీషు మాటల్నీ అట్లాగే అరల్లో సర్దుకున్నాను. నౌన్లకు ఒక నోటుబుక్కు, వెర్బులకు ఒకటి, అన్నీ బట్టీ. ఆపా పలక మీద 'దే షాప్ హియర్' అని రాసి, షాప్ కింద గీత గీసింది. షాప్! నా పుట్టిల్లూ అదే, మెట్టినిల్లూ అదే.

"నౌన్!" అని అరిచాను. పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆపా నవ్వలేదు. డబ్బాలోంచి ఒక చింతగింజ తీసి ఆ మాట మీద పెట్టింది.

"ఇప్పుడు సదువు."

"దే... హియర్."

"ఏం తక్కువైంది?"

"వాళ్లు ఈడ ఏం చేస్తరో తెలుస్తలేదు."

"అంటే గా మాట ఏం చెప్తుండె?"

"వాళ్లు చేసే పని... ఈడ సామాన్లు కొంటరని. వెర్బ్ ఆపా."

"మీ దుకాణంల పనామె రాని దినం ఎరుకైతది గదా, ఆమె ఏమేం చేస్తుండెనో. మాట గూడ గంతే. ముందు మూసి చూడు, తర్వాత పేరు పెట్టు."

అప్పటినుంచి రోజూ చింతగింజలే. ఎవరి గింజ ఎక్కడుందో ఆపా దారం కొరుకుతూ చూసేది. తప్పు చెప్తే దిద్దేది కాదు, "మల్ల సదువు" అనేది, అంతే. తిరిగి చదివేసరికి మా తప్పు మాకే దొరికేది. గంటసేపు వాగి ఒక చీర అమ్మేవాళ్ల మధ్య పెరిగాను నేను. రెండు మాటలతో ఇంత ఇచ్చిన మనిషిని ఈమె ఒక్కదాన్నే చూశాను.

పరీక్ష సెంటర్ జగిత్యాలలో పడింది. బస్సు కొండగట్టు దగ్గరికి రాగానే గుట్ట మీది అంజన్న దేవుడితోనూ బేరమాడాను. ఇంగ్లీషు ఒక్కటి గట్టెక్కించు, మిగతావి నేను చూసుకుంటా అని.

కంప్యూటర్ మీద ఒక వాక్యం వచ్చింది. 'షి స్పోక్ టు మి ఇన్ ఎ ఫ్రెండ్లీ వే.' ఫ్రెండ్లీ ఏమిటని ప్రశ్న. నా పాత నోటుబుక్కులో 'లీ' తోక ఉన్న మాటలన్నీ యాడ్వెర్బు అరలోనే ఉండేవి. చెయ్యి అటే పోబోయింది. ఆగి, ఆ మాట మీద బొటనవేలు పెట్టి చదివాను.

"మేడం, స్క్రీన్ ముట్టద్దు!" అన్నాడు అక్కడి సారు.

"ముట్టుతలేను సార్, మూస్తున్న."

ఆయనకేం అర్థమైందో గానీ, నాకు మాత్రం అర్థమైంది. మూస్తే ఎలాంటి 'వే'నో తెలియకుండా పోయింది, అంటే అది నౌన్ గుణం చెప్పే మాట. యాడ్జెక్టివ్ నొక్కాను.

ఫలితాలు వచ్చిన రోజు అత్తకంటే ముందు ఆపాకు ఫోన్ చేశాను.

"పాసైన ఆపా!"

"సరే గానీ, ఏ మాట మూసినవ్?"

మార్కులెన్నని అడగలేదు. వాక్యం చెప్పాను. అవతల కుట్టుమిషన్ ఆగింది. పలక మీద సుద్దముక్క చప్పుడు, తర్వాత ఆమె గొంతు, నాతో కాదు, చాప మీది పిల్లలతో.

"గింజలు తీయుండ్రి. కొత్త వాక్యం అచ్చింది."