మిర్చి సంచుల పక్కన వూఫర్ బాక్సు

2003 ఫిబ్రవరిలో నేను గుంటూరు బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక కారు ఆడియో షాపులో హెడ్ ఫిట్టరుగా పనిచేస్తున్నాను. అంతకుముందు నల్లపాడులో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. మా పనిలోనూ హోదాలు ఉండేవి. హెల్పరు సీట్లు, తలుపుల అట్టలు ఊడదీస్తాడు. వైర్‌మన్ బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి అక్కణ్ణుంచి వెనక దాకా వైరు లాగుతాడు. ఫిట్టరు స్పీకర్లు బిగిస్తాడు. డిక్కీలో పెట్టే వూఫర్‌కి, అంటే కింది మోత ఇచ్చే పెద్ద స్పీకరుకి, ఏ రకం బాక్సు కట్టాలో నిర్ణయించేదీ, కారు షాపు దాటే ముందు చివరిసారి విని సరే అనేదీ హెడ్ ఫిట్టరు. కాబట్టి బాక్సు తప్పయితే ఆ తప్పు హెడ్ ఫిట్టరుదే. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. మస్తాన్ వలి అనే డ్రైవరు మిర్చి సంచుల మూతులు కట్టకుండా డిక్కీలో పడేసి, పాట పెట్టి, బేరానికి వచ్చిన పెద్దమనిషిని దగ్గుతో చంపినంత పని చేశాడని మా ఊరి డ్రైవర్లు, ఫిట్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కిందటేడు ఒక పెళ్ళి విందులో ఎవరో ఆ కథ చెబితే బంతిలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ ఆ బంతిలోనే ఉన్నాను. ఆ కథ పుట్టింది నా నోటి నుంచే.

మస్తాన్‌కి అప్పుడు ముప్పై లోపు వయసు. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు తీసుకుని, ఫైనాన్స్ వాయిదాలు కడుతూ తనే నడుపుకునేవాడు. వారం రోజుల్లో కారు ఎక్కువగా కోటేశ్వరరావు గారి దగ్గర తిరిగేది. ఆయన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. పొద్దున కోల్డ్ స్టోరేజీల నుంచి మచ్చు సంచులు, అంటే కొనేవాళ్ళకు చూపించడానికి సరుకులోంచి తీసిన కాసిని కాయలు, కొట్టుకు చేర్చాలి. మధ్యాహ్నం ఆయన్నీ, బయటి ఊళ్ళ నుంచి వచ్చిన పార్టీలనీ పల్లెల మీద తిప్పాలి. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళి బాడుగలకు వెళ్ళేవాడు. ఆ బాడుగల కోసమే మా షాపుకు వచ్చాడు.

“అన్నా, పెళ్ళికొడుకు ఫ్రెండ్సు స్టాండుకొచ్చి ఏసీ ఉందా అని అడగట్లేదు. ముందు పాటెయ్యమంటన్నారు. నా కార్లో పాటేస్తే రేకు డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుంటది. రెండు నిమిషాలు విని పక్క కారెక్కుతున్నారు.”

డిక్కీ తెరిచి చూపించాడు. స్టెప్నీ గుంటలో కొంత, దాని పైకి కొంత గ్యాస్ కిట్టు ట్యాంకు ఆక్రమించింది. మిగిలిన చోటులో మూడు మచ్చు సంచులు నిలబెట్టి ఉన్నాయి. పాత యాంప్లిఫయర్ బాగానే ఉంది. దాన్ని ఉంచుకుని కొత్తగా పది అంగుళాల వూఫర్ ఒక్కటి కొని, బాక్సు మా దగ్గర మిగిలిన చెక్కతో కట్టుకుంటే అతని స్తోమతకు సరిపోతుందని చెప్పాను. సంతోషించాడు. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“ఏం పెట్టినా చిన్నది పెట్టన్నా. సంచులకి చోటు లేకపోతే షావుకారు నన్ను మాన్పిస్తాడు. ఆయన బాడుగ పోతే కారే పోద్ది.”

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక వివరం. వూఫర్ ముందుకు గాలిని నెట్టినప్పుడే వెనక గాలిని లాక్కుంటుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వాటిని విడదీయడానికే బాక్సు. అందులో రెండు రకాలు. అన్ని వైపులా మూసేసింది సీల్డ్ బాక్సు. చిన్న చోటులో ఇముడుతుంది, దెబ్బ పొట్టిగా, స్పష్టంగా ఉంటుంది. గాలి రావడానికి, పోవడానికి ఒక దారి వదిలింది పోర్టెడ్ బాక్సు. అదే వూఫర్, అదే యాంప్లిఫయర్‌తో ఇది ఎక్కువ మోత ఇస్తుంది, కాని దాదాపు రెట్టింపు చోటు కావాలి.

ఆ రోజుల్లో మా షాపుకు పోర్టెడ్ బాక్సులతోనే పేరు. కారు సందు మొదట్లో ఉండగానే ఎవరి పనో తెలిసేది. మస్తాన్ అడిగిన చిన్న బాక్సు కడితే ఆ పేరుకు చిన్నతనమనుకున్నాను. పోర్టెడ్‌నే కుదించి కట్టాను. గాలి దారి వెడల్పు తగ్గించి, డిక్కీ నేలకు ఆనుకుని, సంచుల వైపు తిరిగి ఉండేలా పెట్టాను. మోత లోపలికి బాగా రావాలని వెనక సీటు వీపు పైన, అద్దం కింద ఉన్న అట్టలో గంట్లు కోశాను. బాక్సు కూర్చోబెట్టే ముందు డిక్కీ కార్పెట్ మీద ఎర్రటి పొడి కనిపించింది. నాకు వరసగా తుమ్ములు వచ్చాయి. గుడ్డతో తుడిచి పని కానిచ్చాను. చివరగా విని, “అద్దాలు మూసి విను, అదిరిపోద్ది” అని చెప్పి పంపాను.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో నాగపూర్ నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారును కోటేశ్వరరావు గారు అద్దంకి వైపు రైతుల సరుకు చూపించడానికి తీసుకెళ్ళారు. దారిలో జరిగింది తర్వాత మస్తాన్ చెప్పాడు, కోటేశ్వరరావు గారూ చెప్పారు. ఇద్దరి మాటా ఒక్కటే. మార్టూరు దాటాక ఆ వచ్చినాయనే సరదాగా పాట పెట్టమన్నాడు. ఎండ వల్ల అద్దాలు మూసి, ఏసీ వేసి ఉంది. పాటలో డప్పులు మొదలైన కాసేపటికి వెనక కూర్చున్న ఇద్దరికీ గొంతు పట్టేసింది. కళ్ళు తెరవలేకపోయారు. మస్తాన్ కారు పక్కకు తీసి ఆపాడు. పక్కన చేలో ఆఖరి పత్తి తీస్తున్న ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. “ఏందయ్యా, కార్లో తాలింపేశారా?” అందట అందులో ఒకామె. వచ్చినాయన మొహం కడుక్కుని, సరుకు చూడకుండానే వెనక్కి పోదామన్నాడు. కోటేశ్వరరావు గారు గుంటూరులో దిగేటప్పుడు, “నా సరుకు ఘాటు చూపించమంటే ఇట్టానా రా చూపించేది? రేపటి నుంచి రావద్దు” అన్నారు.

మర్నాడు మస్తాన్ షాపుకు వచ్చేసరికి బయట బెంచీ మీద నలుగురైదుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. అతను జరిగింది చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. నేను అన్న మాట ఇది: “ఏరా, సంచుల మూతులు కట్టుకోవడం కూడా నేనే నేర్పాలా?”

“కట్టానన్నా. రెండేసి ముళ్ళు.”

“కడితే ఎట్టా వచ్చుద్ది?”

బెంచీ మీద ఒకతను, “ఒరేయ్, ఇయ్యాల్టి నుంచి వీడు ఘాటు మస్తాన్‌రా” అన్నాడు. నవ్వులు. మస్తాన్, వూఫర్ విప్పి ఎవరికైనా అమ్మిపెట్టమని, కారు తాళాలు నా చేతికిచ్చి వెళ్ళాడు.

మధ్యాహ్నం నేనే విప్పాను. సంచులు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి. వాటి మూతులకు రెండేసి ముళ్ళు ఉన్నాయి. సంచి మీద చెయ్యి వేసి నొక్కితే గోనె అల్లికలోంచి ఎర్రగా పొడి రాలింది. మూతి ఎంత బిగించి కట్టినా అది ఆగేది కాదు. వూఫర్ ఊడదీసి చూస్తే బాక్సు అడుగున అదే పొడి మందంగా పేరుకుంది. ఇక లెక్క తేలికే. నేలకు ఆనుకున్న గాలి దారి రాలిన పొడిని లోపలికి పీల్చింది, డప్పు దెబ్బ పడినప్పుడల్లా బయటికి ఊదింది. చోటు కోసం ఆ దారిని నేను ఇరుకు చేయడంతో గాలి ఇంకా వేగంగా కొట్టింది. అట్టలో నేను కోసిన గంట్ల గుండా పొడి సీట్లలోకి చేరింది. అద్దాలు మూయమన్నదీ నేనే.

వూఫర్ అమ్మలేదు. మస్తాన్‌కి కబురు పెట్టి, ఖర్చు లేకుండా ఇంకో బాక్సు కడతానని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఈసారి మొదట సంచులు పెట్టించాను. అవి పోగా మిగిలిన చోటు కొలిచాను. వెనక సీటు వీపుకూ గ్యాస్ ట్యాంకుకూ మధ్య సన్నని, నిలువు సందు మిగిలింది. అందులో సీల్డ్ బాక్సు పడుతుంది, కాని పది అంగుళాల వూఫర్‌కి లోపలి గాలి కొంచెం చాలదు. దానికి మా పనిలో ఒక ఉపాయం ఉంది. బాక్సు లోపల దూది వదులుగా నింపితే వూఫర్‌కి ఆ బాక్సు ఉన్నదానికంటే పెద్దదిగా తోస్తుంది. మస్తాన్ మేనమామ సైదులు గారు పరుపులు కుట్టేవారు. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్ళాం.

“దూది దేనికిరా, తలగడకా, బొంతకా?”

“స్పీకరుకి మామా.”

“ఏం, దానికీ నిద్ర పట్టట్లేదా?”

ఏకిన దూది కొంచెం ఇచ్చి డబ్బులు వద్దన్నారు. దాన్ని పల్చటి గుడ్డలో వేసి, వూఫర్ వెనకకు తగలకుండా బాక్సు గోడలకు మేకులతో పట్టించాను. చెక్క అతుకుల్లో జిగురు, రంపపు పొట్టు కలిపి మెత్తాను. గాలి ఎక్కడా పోవట్లేదని తెలుసుకోవడానికి రెండు పరీక్షలు ఉంటాయి. వూఫర్ ఆడుతున్నప్పుడు అతుకుల వెంట అగరబత్తి తిప్పాలి, పొగ కదలకూడదు. తర్వాత వూఫర్‌ను అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి వదలాలి; అది టక్కున కాక, బరువుగా వెనక్కి రావాలి. రెండూ కుదిరాయి. అట్టలో నేను కోసిన గంట్లు పలకతో మూసి రెక్సిన్ అంటించాను. మంద్ర స్థాయి మోతకు గంట్లు అక్కర్లేదు, అది సీటు మీదుగా వచ్చేస్తుంది. యాంప్లిఫయర్‌లో పై స్వరాలను ఆపే మీట తగ్గించి, వూఫర్‌కి కింది దెబ్బ మాత్రమే వెళ్ళేలా చేశాను.

కారెక్కి ఒకసారి విని చూడమంటే కోటేశ్వరరావు గారు మొదట రానన్నారు. తర్వాత ఒక షరతు పెట్టారు: “బాక్సు కట్టినాయన కూడా నాతో వెనక సీట్లో కూర్చోవాలి. సంచులు నిండుగా ఉండాలి. దగ్గితే ఇద్దరం దగ్గుదాం.”

మేం ముగ్గురం పెదకాకాని వైపు వెళ్ళాం. అద్దాలు మూసి ఉన్నాయి. ఆయన పై కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మస్తాన్ పాట పెట్టాడు. అతని మెడ బిగుసుకుని ఉండటం నాకు వెనక నుంచి కనిపిస్తూనే ఉంది. మొదటి పాట అయింది, రెండోది మొదలైంది. నేను గొంతులో దురద వస్తుందేమోనని మింగుతూ కూర్చున్నాను. రాలేదు. రెండో పాట మధ్యలో కోటేశ్వరరావు గారు కండువా దించారు. మోత ముందటి కంటే తగ్గిందేమని అడిగారు. బయటికి తగ్గిందని, లోపల డప్పు ఏ దెబ్బకు ఆ దెబ్బ విడిగా వినిపిస్తుందని చెప్పాను. కాసేపు విని తల ఊపారు.

“మరి మొన్న ఏమైందయ్యా?”

“తప్పు బాక్సుదండి” అన్నాను.

మస్తాన్ అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. బాక్సు దానంతట అది తయారవదు. నేను కట్టిందే తప్పని ఆయనకు చెప్పాలి, ఆ బెంచీ మీద డ్రైవర్లకూ చెప్పాలి. హెడ్ ఫిట్టరు పేరు పోతుందని చెప్పలేదు. కోటేశ్వరరావు గారు మర్నాటి నుంచి కారు రమ్మన్నారు. మస్తాన్ ఉపాధి నిలబడింది, అతని పేరుకు అంటిన ‘ఘాటు’ మాత్రం పోలేదు.

ఆ మాఘ, ఫాల్గుణాల్లో అతనికి పెళ్ళి బాడుగలు బాగానే దొరికాయి. పాట విని పక్క కారుకు పోయేవాళ్ళు తగ్గారు. మచ్చు సంచులు మోసే మిగతా కార్ల వాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి, సన్నగా నిలబడే ఆ దూది బాక్సే కావాలన్నారు. మా షాపులో దానికి ‘మస్తాన్ బాక్సు’ అని పేరు పడింది. మా ఓనరు ఆ పేరుతోనే చెక్క కోయించేవాడు. కొన్నేళ్ళకు మస్తాన్ ఫైనాన్స్ తీర్చి రెండో కారు కొన్నాడు. ఇప్పుడు అతని దగ్గర నలుగురు డ్రైవర్లు పనిచేస్తున్నారు. నేను చెవులు మందగించి యాభై రెండో ఏటే పని మానుకున్నాను.

ఇది రాసే ముందు అతని దగ్గరికి వెళ్ళి, ఆ రోజు బెంచీ దగ్గర అన్న మాటకు క్షమించమని అడిగాను. “దానికి ఇంత లేటా అన్నా” అన్నాడు. టీ తెప్పించాడు. రాస్తానంటే ఒప్పుకున్నాడు.

“రెండేసి ముళ్ళు అని గట్టిగా రాయి. తాలింపు మాట మటుకు తియ్యకు, అది తల్చుకుంటే నాకూ నవ్వొచ్చుద్ది.”

2003 తర్వాత నేను పనిచేసినంత కాలం, డిక్కీకి కొలత టేపు పెట్టే ముందు అందులో రోజూ ఏం ఎక్కుతుందో కారు ఓనరును అడిగేవాణ్ణి. ఎక్కేది ఎక్కించి చూపించమనేవాణ్ణి. నా కింద పనిచేసిన ఫిట్టర్లకు అదే నేర్పాను. కారు రోజంతా ఎలా తిరుగుతుందో దాన్ని నడిపేవాడికి తెలిసినంత ఫిట్టరుకు తెలియదు. అతను చిన్న బాక్సు చాలన్నప్పుడు చిన్నదే కట్టాలి. కట్టింది తప్పయితే, కట్టినవాడు ఆ రోజే, విన్నవాళ్ళందరి ముందూ చెప్పాలి.