ఆరు గుడ్లు తాగిన రుమేనియా ట్రాక్టరు

మా రుమేనియా ట్రాక్టరును ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చౌక బండి అనేవాళ్లు. అవును, చౌకదే. చౌకగా వచ్చింది కాబట్టే ఎమ్మిగనూరు పక్క పల్లెలో పదెకరాల మెట్ట ఉన్న మా ఇంటి ముందు ట్రాక్టరు నిలబడింది. లేకుంటే ఆదోని పత్తి వ్యాపారుల బండ్లను చూసి నోరు వెళ్లబెట్టుకుని తిరిగి రావాల్సినవాళ్లమే.

దాని పుట్టుక కూడా తక్కువదేం కాదు. ఆ దేశంలో పెద్ద యుద్ధం ముగిశాక, విమానాలు చేసిన కార్ఖానాలోనే ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టారట. నాకు తెలిసినవి రెండు మోడళ్లు. అరవై ఐదు గుర్రాల శక్తి ఉన్న పెద్దది ఒకటి, నలభై ఐదు గుర్రాల చిన్నది ఒకటి. మాది చిన్నది. దానికి ఇటలీవాళ్ల నమూనా ఆధారం. అదే దేశం ఫ్రెంచివాళ్ల నమూనా తెచ్చుకుని, సామాన్యుడు కొనగలిగే కారు కూడా చేసిందని తర్వాతెప్పుడో చదివాను. పత్రికలో ఆ కారు బొమ్మ చూసి, మా చుట్టాల పిల్లోడు పరీక్ష పాసైనంత సంతోషపడ్డాను. నమూనా ఎవరిదైతేనేం, బీదవాడి వాకిట్లోకి బండి వచ్చిందా లేదా?

డెబ్బైల చివర్లో అది మా ఇంటికి వచ్చింది. నాన్న అప్పటికే పోయాడు, సేద్యమంతా అమ్మదే. ట్రాక్టరు కోసం అమ్మ తన ఎద్దుల జతను కోడుమూరు సంతకు తోలించింది. దూడలప్పటి నుంచి తన చేత్తో పెంచిన జత అది. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఖాళీ కొట్టంలో పేడ ఎత్తి, ఊడ్చి, నీళ్లు చల్లి, "ఈడ పెట్టుకో నీ బండిని" అంది.

నేను ఆదోనిలో ఒక షెడ్డులో మూడేళ్లు మెకానిక్ పని నేర్చుకున్నవాణ్ణి. నల్లరేగడిలో పాతుకుపోయిన గరికను మా బండి వేళ్లతో సహా పెళ్లగించి పడేస్తుంటే, గట్టు మీద నిలబడి చూసేవాళ్లంతా నోళ్లు మూసుకునేవాళ్లు.

కానీ ఏరువాక పున్నమి దగ్గరపడేసరికి చిక్కు వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వెదురు గొట్టంతో నూనె, పచ్చి గుడ్లు తాపుతారు. సాయంత్రం ఊరి ముందు వేపమండలు కట్టిన తాడును ఎద్దులు పరుగెత్తి తెంచాలి. తెల్ల ఎద్దు తెంచితే ఆ ఏడు పత్తి, జొన్న పండుతాయని, ఎర్రది తెంచితే బుడ్డలు, అంటే వేరుశనగ, పండుతాయని నమ్మకం. పరుగుకు ముందు ఊరేగింపులో ప్రతి ఇంటి ఎద్దుల ముందూ ఆ ఇంటి ఇల్లాలు హారతి పళ్లెంతో నడుస్తుంది. మా అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి అట్లా నడిచింది. నాన్న పోయాక కూడా ఆమెను ఎవరూ ఆపలేదు.

ఆ ఏడు ఊరి పెద్ద ఆమెను పిలిచి, "ఎద్దుల్లేని ఇంటికి ఏరువాక యాడిదమ్మా? ఈసారి అరుగు మీద కూర్చోని సూడు" అన్నాడు.

అమ్మ ఇంటికి వచ్చి ఆ పూట ముద్ద ముట్టలేదు. "బండిని తయారు సెయ్యప్పా. నేను నడుస్తా. ఎవుడు ఆపుతాడో సూస్తా" అంది.

పండగ రోజు పొద్దున్నే లేచి చూస్తే, బండి అప్పటికే కడిగి ఉంది. ముందు బానెట్టుకు పసుపు, కుంకుమ, రెండు దీపాలకూ చెండుపూల దండలు. ఎంత ముచ్చటేసిందో! బండి తీసే ముందు ఇంజను ఆయిలు చూసుకోవడం నాకు అలవాటు. ఆయిలు కొలిచే కడ్డీ పైకి తీశాను. ఆయిలు గీత దాటి పైకి ఉంది. కడ్డీ కొసన తెల్లగా, జిగటగా ఏదో వేలాడుతోంది. వాసన చూశాను. బుడ్డల నూనె!

"అమ్మా! దీన్లో ఏం పోసినావు?"

"సేరు నూనె, ఆరు గుడ్లు. ఎద్దులకు పోస్తాంటిమి గదప్పా. నువ్వు ఆడనే మూత తీసి పోస్తావు, నేను సూసినా."

"నీకేమన్నా మతి పోయిందా? స్టార్టు చేసింటే ఇంజను నాశనమయ్యేది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ చేతిలో ఖాళీ గిన్నెతో అట్లానే నిలబడింది. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అడుగు బోల్టు విప్పి అంతా కార్చాను. కిరసనాయిలుతో కడిగాను. సైకిలెక్కి ఎమ్మిగనూరు పోయి కొత్త ఆయిలు, ఫిల్టరు తెచ్చాను. మళ్లీ కడిగాను. ఎంత కడిగినా తెల్ల పీచులు వస్తూనే ఉన్నాయి. పొద్దు వాలేసరికి మా వాకిట్లో సగం ఊరు చేరింది.

"సెప్పలేదా మేము? రుమేనియా సరుకు. పండగ నాడే పడకేసింది" అన్నాడొకడు. నవ్వులు. ఊరి పెద్ద కూడా వచ్చి, "ఏమైందప్పా?" అని అడిగాడు.

బండిని ఒక్క మాట అననివ్వలేను. అమ్మను చూసి ఊరు నవ్వే మాట చెప్పలేను. "బండిలో తప్పేం లేదు. నేనే పరాకున వేరే నూనె పోసినా" అన్నాను. నాలుగూళ్లలో మంచి మెకానిక్కునని పేరు నాకు. ఆ పేరు పోతే పోనీ అనుకున్నాను.

అమ్మ గడప దిగి వచ్చింది. "వాడు అబద్ధం సెప్తాండాడన్నా. పోసింది నేను. నూనె, గుడ్లు. పండగ నాడు అది ఒట్టి కడుపుతో ఉంటే నాకు మనసొప్పలా. నా ఎద్దులను అమ్మి తెచ్చుకున్నా దీన్ని. నాకు ఇదే ఎద్దు. నవ్వుకోండి, నా కొడుకు పనిని మాత్రం ఏమనొద్దండి."

ఒక్కరూ నవ్వలేదు. ఊరి పెద్ద బండి చుట్టూ ఒకసారి తిరిగి, పసుపు పూసిన బానెట్టు మీద చెయ్యి పెట్టాడు.

"ఆరు గుడ్లు తాగినాది గదా, ఇంగ ఎద్దు కాకుంటే ఏమంటాం? కానీ పరుగు మాత్రం వద్దప్పా, తాడు తెంచేది ఎద్దులే. ఊరేగింపులో అందరి ఎనకా నిలబెట్టు" అన్నాడు.

ఇంకోసారి కడిగి, పీచులు రావడం ఆగాక, కొత్త ఫిల్టరు బిగించి ఆయిలు పోసి తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారికి ఇంజను అందుకుంది. అమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని బండి ముందుకు వచ్చి నిలబడింది.

నేను మొదటి గేరు వేశాను. అయినా బండి వేగం ఆమె నడక కంటే ఎక్కువే. క్లచ్చి నొక్కుతూ వదులుతూ, ఆమె ఒక్కో అడుగుకూ ఆగుతూ వెళ్లాను. వీధి పొడుగునా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నలభై ఐదు గుర్రాల ఇంజను వీపు వెనక ఉరుముతున్నా, నేను ఆపుతానని ఆమెకు తెలుసు.