కార్శి తోట

పంచదార ఫ్యాక్టరీలో చెరకు రైతులకు, పంట నరికి తెమ్మని ఇచ్చే కటింగ్ ఆర్డర్లు అచ్చువేసే కొత్త ప్రోగ్రాం రాసి, సరిగ్గా పరీక్షించకుండానే వాడకంలో పెట్టాను. కొందరి పేర్లు రాలేదని గుమాస్తా చెబితే, "కంప్యూటర్ తప్పని చెప్పండి" అనేసి రాజమండ్రి బస్సెక్కాను.

సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. పక్కనున్న పెద్దాయన చెరకు ముక్క చీలుస్తూ నవ్వారు.

"కంప్యూటర్ గారికి నా మీద కోపమొచ్చిందటండి. ఆర్డర్ రాలేదు. అవతల తోట ఎండిపోతోంది."

"ఎప్పుడు నాటారండి?"

"నాటడమేంటండి, కార్శి తోట. నిరుడు నరికిన మోళ్ళే మళ్ళీ ఎదిగాయి."

నాటిన తేదీ లేని తోటల్ని వదిలెయ్యమని ప్రోగ్రాంలో రాసింది నేనే.

"తినండి, తీపి ఇంకా తగ్గలేదు," అంటూ ఆయన సగం ముక్క నా చేతిలో పెట్టారు. ఆ తప్పు నాదని నోరు విప్పి చెప్పలేకపోయాను. రావులపాలెంలో దిగి వెనక్కి వెళ్ళే బస్సెక్కాను.

ప్రోగ్రాం సరిచేసి, మిగిలిపోయిన ఆర్డర్లన్నీ అచ్చువేశాను. మర్నాడు సైకిలు మీద ఊరూరా తిరిగి నేనే పంచాను. "తప్పు కంప్యూటర్‌ది కాదండి, నాది," అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. బస్సులో ఆయన పేరైనా అడగలేదు. అందుకే ఒక్క గుమ్మం కూడా వదలలేకపోయాను.