బ్రేకులో పోసిన ఆయిలు

వెంకటాచలం దగ్గర రోడ్డు పక్కన తాటాకు పందిరి, దాని కింద మదార్ షెడ్డు. తండ్రి జట్కా చక్రాలు బాగుచేసినవాడు. జట్కాలు తగ్గి మోటార్లు పెరిగేసరికి మదార్ వాటి మీద చెయ్యి వేశాడు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఇంజనుకు చెవి ఆనించి జబ్బు చెప్పేవాడు, చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు కూడా. ఎవరేం తెచ్చినా ‘నాకు రాదు’ అనే మాట మాత్రం అతని నోట వచ్చేది కాదు. బండివాడు నవ్వుతూ పోతే తనకు పని వచ్చినట్టేనని ఆ పిచ్చి మారాజు నమ్మకం.

పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, ఒకరోజు పొద్దున్నే విడవలూరు గంగులయ్య ఎండుచేపల వ్యాను తెచ్చి ఆపాడు. పక్కన అతని ముసలి తల్లి కూర్చుని ఉంది. బ్రేకు మెత్తగా దిగిపోతోందన్నాడు. మదార్ బ్రేకు డబ్బా మూత తీసి చూస్తే లోపల ఆయిలు అడుగంటింది.

“ఆయిలు లేదు, అంతే,” అని ఇంజనాయిలే నిండా పోశాడు. అతని షెడ్డులో ఆయిలంటే అదొక్కటే.

గంగులయ్య తొక్కి చూసి మురిసిపోయాడు. “రాయి మాదిరుందే మదారన్నా! గూడూరు సంత చూసుకుని, అట్నించి తడ ఊరికి పోతాం.”

మధ్యాహ్నం నెల్లూరు బస్సుల షెడ్డులో పనిచేసే కామాక్షయ్య సైకిలుకు గాలి కొట్టుకుందామని ఆగాడు. మదార్ గొప్పగా పొద్దుటి సంగతి చెప్పాడు. కామాక్షయ్య చేతిలో పంపు అలాగే ఆగిపోయింది.

“బ్రేకులో ఇంజనాయిలా? కొంప ముంచినావే! లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేకాయిలు వేరే ఉంటుందన్నా.”

మదారుకు గంగులయ్య వెళ్లే దారి గుర్తొచ్చింది. గూడూరు దాటితే రైలు గేటు. గేటు వేసి ఉండగా బ్రేకు పడకపోతే? ముందు సీట్లో ముసలమ్మ. చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డుకు అడ్డంపడి ఒక లారీ ఆపి ఎక్కాడు. దారి పొడుగునా కనబడిన ప్రతి బండినీ ఆ వ్యానేమోనని తొంగిచూశాడు. మధ్యమధ్య అల్లాను తలుచుకున్నాడు.

గేటుకు ఇవతల జనం గుమిగూడి ఉన్నారు. మదార్ కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి వ్యాను కనబడింది. చక్రాల నుంచి పొగ వస్తోంది. గంగులయ్య ఎదురొచ్చి పకపకా నవ్వాడు.

“ఏం బ్రేకన్నా! పట్టిందంటే వదలడంలా! బండి దానంతటదే నిలబడిపోయింది.”

లారీ డ్రైవరు ఆదెయ్య దిగి చూసి, “మా లారీ బ్రేకులు కూడా నీకే ఇస్తాను మదారన్నా,” అన్నాడు.

అప్పుడు మదారుకు ఇందాకటి కంటే ఎక్కువ భయమేసింది. చెబితే షెడ్డు పేరు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే రేపు ఆదెయ్య లారీకీ ఇదే గతి. చివరికి, “నాకు బ్రేకు పని రాదు. పోయకూడనిది పోసినాను. మీరు బతికింది మీ అదృష్టం,” అన్నాడు.

గంగులయ్య నవ్వు ఆగిపోయింది. ముసలమ్మ మెల్లగా అడిగింది: “రాని పని ఎందుకు చేసినావు నాయనా?”

మర్నాడు మదార్ షెడ్డు మూసి, నలభై ఏళ్ల వయసులో కామాక్షయ్య పక్కన నేలమీద కూర్చుని బ్రేకు విప్పడం మొదటినుంచి నేర్చుకున్నాడు. తర్వాత ఎవరి బ్రేకు బాగుచేసినా మొదటిసారి తనూ ఆ బండెక్కి గేటు దాకా వెళ్లేవాడు. ఎంత భరోసా ఇస్తాడోనని జనం మెచ్చుకునేవాళ్లు. అతను మాత్రం బండి ఆగేదాకా రెండు చేతులతో సీటు గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు.