అంబులెన్సులో టీవీ కేబుల్

కేబుల్ కొనేటప్పుడు లైసన్ హరావా కొట్టువాడి మాట వినేవాడు కాదు. చుట్ట చివర జానెడు కోయించి, పైతోలు పంటితో చీల్చి, కింద రాగి అల్లిక ఎంత చిక్కగా ఉందో గోటితో దువ్వి చూసేవాడు. అల్లిక సందుల్లోంచి తెల్లటి ప్లాస్టిక్ కనిపిస్తే "థూ" అని గుమ్మంలోనే ఉమ్మి వచ్చేసేవాడు. ముప్ఫై ఏళ్లుగా మలావీ ఉత్తరాన అడవిశాఖ జీపులకీ, పొగాకు లారీలకీ, చిబాంగా మిషన్ ఆసుపత్రి బళ్లకీ వైర్‌లెస్ సెట్లు బిగిస్తున్నది అతనే.

ఒకసారి పొగాకు తోట యజమాని బొటనవేలంత లావు కేబుల్ తెచ్చి, "ఖరీదైనది, ఇదే బిగించు" అన్నాడు.

"ఇది టవర్ ఎక్కాల్సిన సరుకయ్యా. నీ లారీ తలుపు సందులో దూరదు. సెట్టు నుంచి కప్పు మీది ఏంటెనాకి ఉన్నది ఐదు గజాలు, దానికి సన్నదే చాలు. లోపల మాత్రం వెంట్రుకల్లాంటి రాగి పోగుల కట్ట ఉండాలి. ఒంటి తీగది గోడకి మేకు కొట్టుకోడానికి బాగుంటుంది, మన గుంతల రోడ్ల మీద పుల్లలా విరుగుతుంది" అన్నాడు హరావా.

అలాంటి మనిషి ఆ ఏడాది దాతలు ఆసుపత్రికిచ్చిన ఐదు కొత్త అంబులెన్సులు సరిగ్గా ఉన్నాయన్న కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు.

బళ్లు రాజధాని నుంచి వైర్‌లెస్ బిగించుకునే వచ్చాయి. వాటిని అప్పజెప్పడానికి వచ్చిన కాంట్రాక్టరు తెల్లచొక్కా వేసుకుని, అందరికీ ఫాంటా సీసాలు పంచాడు. హరావా మీటరు పెట్టి చూస్తే ముల్లు బాగానే నిలబడింది. కప్పు లోపలి గుడ్డ విప్పి కేబుల్ చూస్తానన్నాడు.

"కొత్త పెళ్లికూతురి గౌను చింపుతావా బాబాయ్!" అన్నాడు కాంట్రాక్టరు. అందరూ నవ్వారు. హరావా కూడా నవ్వి కలం అందుకున్నాడు.

మూడు నెలలు గడిచాయి. వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం కొండ మీది ఊరి నుంచి న్యాసీ అనే బాలింతరాలిని, పసిబిడ్డని తీసుకుని నర్సు తవోంగా కొత్త అంబులెన్సులో ఆసుపత్రికి దిగుతోంది. బిడ్డకి ఊపిరి అందడం లేదు. సగం దారిలో ఒక మలుపు దగ్గర బురదలో బండి కూరుకుపోయింది. ఆక్సిజన్‌తో ఇంకో బండి పంపమని తవోంగా గంటసేపు వైర్‌లెస్‌లో అరిచింది. ఆసుపత్రిలో ఒక్క ముక్క వినపడలేదు. ఊరివాళ్లు వచ్చి బండిని లాగేసరికి తల్లి బతికి ఉంది. బిడ్డ లేదు.

మర్నాడు పొద్దున్నే తవోంగా ఆ బండి మైకు పీకి తెచ్చి హరావా బల్ల మీద పడేసింది.

"నీ చేతి సంతకమే కదా బాబాయ్, కాగితం మీద ఉన్నది?"

హరావా లేచాడు. బండి దగ్గరికెళ్లి కప్పు గుడ్డ పరపరా చింపాడు. లోపల ఇళ్ల మీద డిష్‌కి వేసే టీవీ కేబుల్ ఉంది. అల్లిక రాగిది కాదు, టంకం అంటని అల్యూమినియం వెంట్రుకలు, ముసలివాడి గడ్డంలో లెక్కపెట్టినట్టు నాలుగు. అతుకు దగ్గర మెలిపెట్టి టేపు చుట్టారు. తలుపు మూల వంపులో లోపలి ఒంటి తీగ తెగిపోయి ఉంది. అప్పజెప్పిన రోజు ఆగి ఉన్న బండిలో మీటరు ముల్లు బాగానే నిలబడదా మరి! అప్పటికింకా తెగలేదు కదా.

మిగతా నాలుగూ చింపాడు. నాలుగింట్లోనూ అదే. ఆ టేపు జిగురు హరావా వేళ్లకి అంటుకుంది.  సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగినా ఆ వాసన పోలేదు.

ఆసుపత్రి పరిపాలనాధికారి కయంగె పిలిపించాడు.

"కొండలు అడ్డొచ్చి సిగ్నల్ అందలేదని రాసెయ్యండి హరావా గారూ. దాతలకి తెలిస్తే పరువు పోతుంది."

"కొండలు పోయినేడూ అక్కడే ఉన్నాయి సార్. పాత బండి ఆ మలుపు నుంచే మాట్లాడేది."

"మీ పేరు కూడా బయటికొస్తుంది, ఆలోచించుకోండి."

"నా పేరే ముందు రాస్తాను" అన్నాడు హరావా. అలాగే రాశాడు: 'విప్పి చూడకుండా సంతకం పెట్టాను.' దాని కిందే కాంట్రాక్టరు పేరు రాసి, కోసిన కేబుల్ ముక్కలు కాగితానికి కుట్టి దాతల కార్యాలయానికి పంపాడు.

తర్వాత ముజూజు పట్నం వెళ్లి, నాలుగు కొట్లు తిరిగి, కావలసిన కేబుల్ దొరికేదాకా చూసి తెచ్చాడు. ఐదు బళ్లకీ నాలుగు రోజుల్లో తానొక్కడే మార్చాడు. తవోంగా అదే మలుపు నుంచి మాట్లాడింది, మాట గంటలా వినిపించింది. హరావా "అందింది" అన్నాడంతే. కాంట్రాక్టరుని తీసేశారు. హరావానీ నెల తిరక్కుండా ఆసుపత్రి పని మాన్పించి ఇంటికి పంపారు. 

వానలు వెలిశాక అతను కొండెక్కి న్యాసీ ఇంటికి వెళ్లాడు. ఆమె పొయ్యి మీద మొక్కజొన్న పిండితో సీమ సంకటి కలుపుతోంది. నిలబడే జరిగినదంతా చెప్పాడు. ఆమె గరిటె ఆపి విన్నది.

"మంచి తీగ అంత ఖరీదా?"

"కాదమ్మా."

"ఈ దేశంలో దొరకదా?"

"దొరుకుతుందమ్మా. ముజూజులోనే."

ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసింది, గడప మీద పెంటని చూసినట్టు. కూర్చోమనలేదు. కుండ పొయ్యి మీంచి దింపుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. హరావా వచ్చిన దారినే కొండ దిగాడు.