యాడికని అడగని ఇల్లు

తొంభైల చివర్లో బెంగళూరుకు కాస్త దూరంలోని మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్‌గా చేసేవాణ్ణి. కొత్త మిషన్ నేర్చుకోవడానికి ఒకరిని జర్మనీ పంపుతామన్నారు. చివరికి పోటీలో మిగిలింది నేనూ, నా షిఫ్టులోనే పనిచేసే తమిళ మిత్రుడూ. ఆ ప్రయాణం తప్ప నాకు వేరే ధ్యాస లేదు. అన్నం ముందు కూర్చున్నా కాలు ఊగుతూనే ఉండేది.

శనివారాలు బెంగళూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చి జర్మన్ చెప్పేది. మిషన్ మాటలు నేర్పుతుందనుకుంటే షికార్లతో మొదలుపెట్టింది. సినిమా హాలు కీనో, ఈతకొలను ష్విమ్‌బాట్. ఆదివారం ఏం చేస్తావని అడిగింది. మా పక్క పోచంపల్లి సంతకు మేకల్ని తోలుకుపోతానన్నాను. అది పని కదా, సరదాకి ఏం చేస్తావంది. మా ఊరు కుందారపల్లిలో మా వాళ్లెవరూ ఊరికే బయటికి పోయి ఎరగరు. తోటకో, సంతకో, పెళ్లికో పోవాలి. ఇంట్లో లేని సరదాలన్నీ బస్సులో బట్టీ కొట్టాను.

జర్మన్ ఇంజనీరు రానే వచ్చాడు. "సాయంత్రం ఆయన కారెక్కేటప్పుడు మీరిద్దరూ నాలుగు మాటలు మాట్లాడండప్పా. ఎవరు పోవాలో ఆయనే చెప్తాడు" అన్నాడు మా మేనేజరు. ఈ సాయంత్రం ఎక్కడికి వెళ్తున్నారని అడిగే జర్మన్ వాక్యాన్ని పొద్దుటి నుంచీ గొణుక్కుంటూనే ఉన్నాను.

ఆయన కారు తలుపు మీద చెయ్యి వేశాడు. బయలుదేరిన మనిషిని యాడికని అడిగితే పోయే పని చెడుతుందని మా ఇంట్లో గట్టి పట్టింపు. చిన్నప్పుడు నేనలా అడిగితే నాన్న చెప్పులు విడిచి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని గానీ మళ్లీ కదిలేవాడు కాదు. నేను అడగకుండా దండం పెట్టాను. మిత్రుడు ఠక్కున అడిగేశాడు. హోటల్లో ఈతకని ఆయన నవ్వుతూ చెప్పాడు, ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. అవకాశం వాడికే దక్కింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"మంచి పని చేసినావప్పా. పోయే మనిషిని అట్లా అడగరాదు" అంది.

నాకు ఒళ్లు మండింది. చెప్పులేసుకుని విసురుగా గడప దాటాను. ఎక్కడికో నాకే తెలియదు. యాడికని అమ్మ ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేవాణ్ణి.

"పోయి రాప్పా" అంది అమ్మ.